మార్కెట్ల రూపురేఖలతోనే నేరాల నివారణ

ప్రత్యేక వ్యాసం

పండుగ ముందు రోజుల్లో పాత మార్కెట్లలో అడుగు తీసి అడుగు వేయడానికి చోటు దొరకదు. సంక్రాంతి, వరలక్ష్మీ వ్రతం, రంజాన్, దసరా ఏదైనా కావచ్చు. కొనుగోలుదారులు పెరిగిన రోజునే పర్సులు, సెల్‌ఫోన్లు, మెడలోని గొలుసులు పోయాయంటూ పోలీస్ స్టేషన్లకు వచ్చే ఫిర్యాదులు కూడా పెరగడం పరిపాటి. ఇటువంటి సందర్భాల్లో అదనపు సిబ్బందిని నియమించడం, మైకుల ద్వారా హెచ్చరికలు చేయడం, పాత నేరస్థులపై నిఘా ఉంచడం వంటి చర్యలను పోలీసు యంత్రాంగం చేపడుతూనే ఉంటుంది. అయితే పండుగ ముగిసి, అదనపు సిబ్బంది వెనుదిరిగిన తర్వాత అదే మలుపులో, అదే ఇరుకు సందులో దొంగతనాలు మళ్లీ మొదలైతే, ఆ చోటులో దొంగకు అనుకూలించినది ఏమిటన్న ప్రశ్న ఉదయిస్తుంది. నడవ ఎంత వెడల్పు ఉంది? దీపం ఎక్కడ ఉంది? దుకాణదారు తన చోటు నుంచి చూస్తే ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు? ఈ ప్రశ్నల నుంచి పుట్టినదే పరిసరాల రూపకల్పన ద్వారా నేర నివారణ అనే విధానం. నగర ప్రణాళికా నిపుణులు దీనిని ‘సెప్టెడ్’ అనే సంక్షిప్త నామంతో వ్యవహరిస్తున్నారు.

ఈ ఆలోచనకు ఆరు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికా రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో వెలువరించిన గ్రంథంలో, వీధిని కాపాడేది ప్రధానంగా పోలీసులు కారని, ఆ వీధిలో పనిపాటలు చేసుకునే దుకాణదారులు, నివాసుల చూపులేనని వాదించారు. నేర శాస్త్రవేత్త సి. రే జెఫరీ 1971లో ఈ విధానానికి నేటి పేరును స్థిరపరిచారు. ఆ మరుసటి సంవత్సరం వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ గృహ సముదాయాలను పరిశీలించి, తమదని ఎవరూ భావించని ఉమ్మడి స్థలంలోనే నేరం తేలికగా పాదుకుంటుందని వివరించారు. 2021లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ విధానానికి 22341 సంఖ్యతో మార్గదర్శకాలను ప్రకటించింది.

సిద్ధాంత భాగం ఇంతకు మించి పెద్దది కాదు. నేరం జరగడానికి మూడు కలవాలని 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ సూత్రీకరించారు: దొంగిలించే ఉద్దేశంతో ఉన్న వ్యక్తి, చేతికి అందే వస్తువు, అడ్డుకోగల మనిషి లేకపోవడం. మొదటిదానిని మార్చడం చట్టానికి, విద్యకు, ఉపాధికి సంబంధించిన దీర్ఘకాలిక కార్యక్రమం. మిగిలిన రెండింటినీ మాత్రం మునిసిపల్ ఇంజనీరు, మార్కెట్ కార్యదర్శి, విద్యుత్ సిబ్బంది కొద్ది రోజుల్లోనే కొంతవరకు మార్చగలరు.

ఒక మీటరు చేసిన మార్పు

ఈ విధానానికి సంప్రదాయ మార్కెట్ల విషయంలో తరచుగా ఉదహరించే అనుభవం బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగరానిది. ఆ నగరం నడిబొడ్డున బుల్ రింగ్ ప్రాంతంలో శతాబ్దాలుగా సంత సాగుతున్నది. 1980ల నాటికి అక్కడి మార్కెట్లలో కొనుగోలుదారుల సంచుల నుంచి పర్సులు మాయం కావడం పోలీసులకు పెద్ద సమస్యగా పరిణమించింది. పరిశోధకులు బ్యారీ పాయ్నర్, బ్యారీ వెబ్ ఈ దొంగతనాలు ఎక్కడ, ఎలా జరుగుతున్నాయో నిశితంగా పరిశీలించారు. బాధితుల్లో అత్యధికులు మహిళలు. చేతికి తగిలించుకున్న సంచిలో పైభాగాన పర్సు ఉంటుంది. బల్లల మధ్య నడవ ఇరుకు కావడంతో ఒకరినొకరు రాసుకుంటూ నడవక తప్పదు. ఆ ఒరిపిడిలో దొంగ చేయి తగిలినా, అది పక్కవారి తాకిడేనని బాధితురాలు భావిస్తుంది.

మార్కెట్ నవీకరణలో భాగంగా బల్లల వరుసల మధ్య ఉన్న సుమారు 2 మీటర్ల నడవలను 3 మీటర్లకు పెంచారు. దీపాల వ్యవస్థనూ మెరుగుపరిచారు. ఆ తర్వాత సంచుల నుంచి జరిగే దొంగతనాలు గణనీయంగా తగ్గినట్లు పాయ్నర్, వెబ్ నమోదు చేశారు. ఒక మీటరు ఎక్కువైనప్పుడు జనం రాసుకోవలసిన అవసరం తప్పింది. అకారణంగా దగ్గరకు వచ్చిన మనిషి ప్రత్యేకంగా కంటపడసాగాడు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. ఆ మార్పు దొంగలను ఉద్దేశించి మాత్రమే చేసినది కాదు. మామూలు కొనుగోలుదారుకు సౌకర్యంగా ఉన్న నడవ దొంగకు అసౌకర్యంగా మారింది. మంచి రూపకల్పనకు ఇదే గీటురాయిగా నిపుణులు పరిగణిస్తారు.

మన మార్కెట్లలో నడవ ఎక్కడ పోతుంది?

తెలుగు పట్టణాల్లోని పాత మార్కెట్లు కాగితం మీద అంత ఇరుకైనవేమీ కావు. నిర్మించిన నాడు విడిచిన దారి తర్వాత క్రమంగా కుంచించుకుపోయింది. దుకాణదారు తన సరుకును గడప దాటించి అడుగు ముందుకు పేరుస్తాడు. ఎదుటి దుకాణం కూడా అదే పని చేస్తుంది. మధ్యలో ఒక తట్ట, దాని పక్కన ద్విచక్ర వాహనం, పైన ఎండకు కట్టిన టార్పాలిన్. ఎనిమిది అడుగుల దారిలో మిగిలేది మూడడుగులు. ఆ మూడడుగుల్లోనే హమాలీ బస్తా మోసుకుని రావాలి, తల్లి బిడ్డ చేయి పట్టుకుని నడవాలి. హమాలీ ‘జరుగు, జరుగు’ అని కేక వేసిన ప్రతిసారీ జనమంతా ఒక పక్కకు ఒత్తుకుంటారు. జేబుదొంగకు అంతకంటే అనుకూలమైన క్షణం వేరే ఉండదు.

కనుక నడవ సరిహద్దును నేలపై చెరగని గీతతో లేదా వేరే రంగు బండలతో సూచించడం, బరువులు మోసే తోపుడు బండ్లకు, కొనుగోలుదారులకు వీలైన చోట వేర్వేరు దారులు లేదా వేర్వేరు వేళలు కేటాయించడం మొదటి చర్య అవుతుంది. ఖర్చు స్వల్పమే. అమలు మాత్రం కష్టం, ఎందుకంటే గీత దాటిన మొదటి దుకాణాన్ని ఉపేక్షిస్తే నెల తిరగకముందే అందరూ దాటుతారు. గీత ఎక్కడ వేయాలన్నది వర్తక సంఘంతో కలిసి నిర్ణయించిన చోటనే అది నిలిచే అవకాశం ఉంటుంది.

కూరగాయలు ఏరుకునే మనిషి రెండు చేతులూ పనిలో ఉంటాయి. చూపు తట్టలో ఉంటుంది. సంచి వెనుకనో పక్కనో నేలమీదనో ఉంటుంది. బల్ల ముందుభాగాన, కొనుగోలుదారు కళ్లెదుటే సంచి పెట్టుకోవడానికి ఒక జానెడు పలక అమర్చితే ఈ పరిస్థితి మారుతుంది. వడ్రంగి అరపూటలో చేసే పని ఇది. అయినప్పటికీ కొత్తగా కట్టే మార్కెట్ షెడ్ల నమూనాల్లో ఇటువంటి పలకకు చోటు కనిపించడం అరుదు.

చోటు తేటగా అర్థమయ్యే మార్కెట్ ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లోని మొజంజాహీ మార్కెట్‌ను పరిశీలించవచ్చు. నిజాం పాలనలో 1935లో నిర్మితమైన ఈ రాతి కట్టడంలో రెండు బారులు గడియార స్తంభం వద్ద కలుస్తాయి. వాటి నడుమ విశాలమైన ఆవరణ ఉంటుంది. కొత్తగా వచ్చినవారు దారి తప్పరు, ఎటు చూసినా గడియార స్తంభం ఆనవాలుగా నిలుస్తుంది. దుకాణాల ముఖాలు ఆవరణను, వీధిని చూస్తుంటాయి. దశాబ్దాల కాలంలో కట్టడానికి అతుక్కున్న రేకులు, బోర్డులు, అదనపు నిర్మాణాలను తొలగించి పునరుద్ధరించిన తర్వాత 2020 ఆగస్టులో దీనిని తిరిగి ప్రారంభించారు. ఆ పనులు వారసత్వ పరిరక్షణ కోసం చేపట్టినవే. అయినా చూపుకు అడ్డు తొలగించడం, దారిని తెరవడం నేర నివారణ విధానం కోరేవి కూడా.

వెలుగు, చెత్త

దీపం ఉన్నంత మాత్రాన వెలుగు ఉన్నట్లు కాదు. మార్కెట్ ముఖద్వారం వద్ద కళ్లు చెదిరే హైమాస్ట్ దీపం, దాని వెనుక షెడ్డులో కటిక చీకటి ఉండడం అనేక చోట్ల కనిపించే దృశ్యం. ప్రకాశవంతమైన చోటు నుంచి చీకటిలోకి చూసే కంటికి ఏమీ ఆనదు. అంటే ఒక్క పెద్ద దీపం కొన్ని చోట్లను మరింత ప్రమాదకరం చేయగలదు. తక్కువ ఎత్తులో, సమాన దూరంలో, మనిషి ముఖం గుర్తుపట్టగలిగేలా అమర్చిన చిన్న దీపాలు ఎక్కువ ఉపయోగకరం. టార్పాలిన్లు కట్టిన తర్వాత వెలుగు నేలకు చేరుతున్నదా లేదా అన్నది కూడా చూడాలి. విద్యుత్ శాఖ తనిఖీలు పగటిపూట జరిగితే ఈ లోపం బయటపడదు.

చెత్తకు, నేరానికి సంబంధం ఏమిటన్న సందేహం సహజం. కుప్ప పేరుకున్న మూల నుంచి జనం దూరంగా జరుగుతారు. జనం జరిగిన చోట చూపు ఉండదు. క్రమంగా ఆ మూల మద్యం సేవించేవారికి, పేకాటకు, దొంగ సొత్తు పంచుకోవడానికి నెలవవుతుంది. ఈ కోణంలో సికింద్రాబాద్ సమీపంలోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ అనుభవం ఆసక్తికరం. అక్కడ రోజూ వెలువడే సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలను బయోగ్యాస్ ప్లాంటుకు మళ్లించి విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్న తీరును ప్రధానమంత్రి 2021 జనవరిలో ‘మన్ కీ బాత్’ కార్యక్రమంలో ప్రస్తావించారు. రోజుకు దాదాపు 500 యూనిట్ల విద్యుత్తు తయారవుతున్నదని, దానితో మార్కెట్‌లో దీపాలు వెలుగుతున్నాయని, వెలువడే ఇంధనం క్యాంటీన్ వంటకు ఉపయోగపడుతున్నదని ఆ సందర్భంలో తెలిపారు. ఇది వ్యర్థాల నిర్వహణ పథకం. ఏ మూలన కుప్ప ఉండేదో అక్కడ కుప్ప లేకుండా పోవడం, అదే కుప్ప దీపంగా మారడం మాత్రం భద్రత దృష్టితో చూసినా లాభమే.

తెల్లవారుజామున మూడు గంటలకు

మార్కెట్ భద్రత అనగానే సాయంత్రపు రద్దీ గుర్తుకు వస్తుంది. టోకు మార్కెట్ల విషయంలో అసలైన అపాయ సమయం తెల్లవారకముందే మొదలవుతుంది. గ్రామాల నుంచి ఆకుకూరలు, పూలు, కూరగాయలతో వచ్చే మహిళలు రాత్రి ఆటోల్లో, ట్రాలీల్లో ప్రయాణించి, వేలం మొదలయ్యే వరకు మూటల పక్కనే నిరీక్షిస్తారు. చిరు వ్యాపారులు సరుకు కొనడానికి నగదుతో ఆ వేళకే చేరుకుంటారు. కొంగున ముడివేసిన ఆ డబ్బే వారికి ఆ రోజు పెట్టుబడి. అది పోతే అప్పు తెచ్చిన చోట వడ్డీ ఆగదు. పెద్ద దుకాణంలో పోయిన సొమ్ముతో పోల్చితే మొత్తం చిన్నదే కావచ్చు, ఆ కుటుంబంపై పడే భారం మాత్రం చిన్నది కాదు.

వీరి రక్షణకు కావలసినవి సాధారణమైనవే. వాహనం దిగే చోటు నుంచి వేలం జరిగే షెడ్డు వరకు దారి పొడవునా వెలుగు. ఆ దారిలో ఒకటి రెండు టీ దుకాణాలు ఆ వేళలో తెరిచి ఉండేలా అనుమతి, ఎందుకంటే తెరిచి ఉన్న టీ కొట్టు చేసే కాపలా మూసి ఉన్న పది షట్టర్లు చేయలేవు. అన్నింటికంటే ముఖ్యంగా, మహిళల మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నదన్నది. స్థలం కలసివస్తుందని మార్కెట్ వెనుక గోడకు ఆనించి, గోదాముల చాటున కట్టిన మరుగుదొడ్డికి చీకటిలో ఎవరూ వెళ్లరు. దాని ద్వారం జనం తిరిగే దారివైపు ఉండాలి; పురుషుల విభాగానికి, దీనికి ప్రవేశం వేర్వేరుగా ఉండాలి. కట్టిన తర్వాత మార్చలేని అంశం కనుక స్థల ఎంపిక దశలోనే ఈ నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది.

చిరు వ్యాపారులే కాపలాదారులు

పరిసరాల రూపకల్పన అన్న మాటను తొలగింపు కార్యక్రమానికి మరో పేరుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. నడవలు తెరవాలి అనగానే మొదట బండ్లవారిపై, తట్టలవారిపై చర్య మొదలవుతుంది. ఇది చట్టరీత్యానే కాక, నేర నివారణ దృష్టితో కూడా పొరపాటు. రోజుకు పన్నెండు గంటలు ఒకే చోట కూర్చునే పూల వ్యాపారికి ఆ మలుపులో ఎవరు రోజూ వచ్చేవారో, ఎవరు కొత్తవారో, ఎవరు ఏమీ కొనకుండా మూడోసారి తిరుగుతున్నారో తెలుస్తుంది. ఆమెను లేపి పంపిన తర్వాత ఆ మలుపును చూసే కళ్లు ఉండవు.

వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణ, వీధి వ్యాపార క్రమబద్ధీకరణ చట్టం 2014లో వచ్చింది. కొనేవారు, అమ్మేవారు సంప్రదాయంగా కలుసుకుంటూ వస్తున్న చోట్లను ఈ చట్టం ‘సహజ మార్కెట్లు’గా గుర్తిస్తుంది, సర్వేలో గుర్తించిన అటువంటి మార్కెట్‌ను వ్యాపార నిషిద్ధ మండలంగా ప్రకటించరాదని పేర్కొంటుంది. తరలింపునకు ముందు 30 రోజుల నోటీసు తప్పనిసరి. పట్టణ వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. వారిలో మూడో వంతు మహిళలు కావాలి. బండ్లు ఎక్కడ నిలవాలి, ఏ మలుపు ఖాళీగా ఉండాలి, ఏ మలుపులో తప్పక ఒకరు కూర్చోవాలి అన్న చర్చకు ఈ కమిటీయే సరైన వేదిక. బండిని రెండడుగులు జరిపి, దాని ముఖాన్ని దారివైపు తిప్పితే అటు నడవా మిగులుతుంది, ఇటు నిఘా కూడా మిగులుతుంది.

కెమెరా చూసేది, చూడనిది

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం సైకిళ్లపై అమర్చిన బాంబులు పేలి అమాయకులు ప్రాణాలు కోల్పోయిన ఘటన రద్దీ ప్రదేశాల్లో భద్రతపై అందరి దృష్టినీ మళ్లించింది. అదే సంవత్సరం రూపొందిన ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం, ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది చేరే అవకాశమున్న సంస్థల్లో ప్రవేశ నియంత్రణతోపాటు సీసీ కెమెరాలను, 30 రోజులపాటు దృశ్యాలను భద్రపరచడాన్ని తప్పనిసరి చేసింది. నేరం జరిగిన తర్వాత దర్యాప్తులో ఈ దృశ్యాల విలువ ఎంతో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్‌లో లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా నిర్వచించి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా విధించే వీలు కల్పించినందున, దృశ్య సాక్ష్యం అవసరం మరింత పెరిగింది.

అయితే టార్పాలిన్ కింద జరిగేది పైనున్న కెమెరాకు కనిపించదు. ఎదురుగా దీపం ఉంటే ముఖం నల్లని నీడగా నమోదవుతుంది. భుజాలు రాసుకునే రద్దీలో ఏ చేయి ఎవరిదో తేలదు. కనుక నడవ, పైకప్పు, దీపం సరిచేసిన తర్వాత కెమెరా స్థానాన్ని నిర్ణయించడం సబబు. ముందు కెమెరా బిగించి తర్వాత షెడ్డు కట్టిన చోట స్తంభాన్ని చిత్రీకరిస్తున్న కెమెరాలు కూడా కనిపిస్తాయి.

ప్రవేశ నియంత్రణ విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. భద్రత పేరుతో నాలుగు ద్వారాల్లో మూడింటిని మూసివేస్తే ఉన్న ఒక్క ద్వారం వద్ద తోపులాట మొదలై దొంగకు కొత్త చోటు దొరుకుతుంది. అగ్ని ప్రమాదం సంభవించిన రోజున ఆ తాళాలే ప్రాణాంతకమవుతాయి. ద్వారాలన్నీ తెరిచి ఉంచి, ప్రతి ద్వారాన్నీ ఎవరో ఒకరి చూపు పడే చోట ఉంచడమే సరైన మార్గం. అగ్నిమాపక వాహనం లోపలికి రాగలిగిన దారి ఉన్న మార్కెట్‌లో గస్తీ వాహనం కూడా రాగలదు.

బాధ్యత ఎవరిది?

పాత మార్కెట్లలో ఒక దీపం వెలగకపోతే అది ఎవరి పని అన్నది తేలడానికే వారాలు పడుతుంది. స్థలం మునిసిపాలిటీది, యార్డు మార్కెట్ కమిటీది, స్తంభం విద్యుత్ సంస్థది, రోడ్డు మరో శాఖది, శాంతిభద్రతలు పోలీసులవి. 1999 జనవరి 26న ప్రారంభమైన రైతు బజార్ల వ్యవస్థలో ఈ చిక్కుకు కొంత పరిష్కారం ఉంది. ప్రతి బజారుకు ఒక ఎస్టేట్ అధికారి ఉండడం, రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వడం, ధరల బోర్డు ప్రదర్శించడం ప్రధానంగా దళారుల బెడదను నివారించడానికి ఉద్దేశించినవే అయినా, ఈ చోటుకు జవాబుదారీ ఎవరన్న ప్రశ్నకు ఒక పేరు, ఒక గది ఉండడం భద్రతకూ దోహదం చేస్తుంది. మునిసిపల్ మార్కెట్లలోనూ ఇటువంటి ఒక్క బాధ్యుడిని గుర్తించి, ఫిర్యాదు రిజిస్టరును అతని వద్దే ఉంచడం సాధ్యమయ్యే పనే.

మార్పులకు ముందు మార్కెట్‌ను నడిచి చూడాలి. 1989లో కెనడాలోని టొరంటోలో ఒక మహిళా సంస్థ రూపొందించిన భద్రతా ఆడిట్ పద్ధతి ఇందుకు మార్గం చూపింది. ఆ చోటును రోజూ వాడే మహిళలే అధికారులతో కలిసి చీకటి పడిన తర్వాత నడిచి, ఎక్కడ భయం వేస్తుందో, ఎందుకు వేస్తుందో నమోదు చేస్తారు. మన దేశంలో ఢిల్లీలోని జాగోరి సంస్థ ఈ పద్ధతిని విస్తృతంగా ఉపయోగించింది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో ప్రారంభమైన షీ టీమ్స్ వంటి బృందాలు, మార్కెట్ కార్యదర్శి, విద్యుత్ లైన్‌మన్, వర్తక సంఘం ప్రతినిధి, ఇద్దరు ముగ్గురు మహిళా వ్యాపారులు కలిసి ఒకసారి సాయంత్రం, మరొకసారి తెల్లవారుజామున నడిస్తే రెండు పూటల్లో ఒక మార్కెట్ పటం సిద్ధమవుతుంది. వెలగని దీపాలు, మూసుకుపోయిన నడవలు, ఎవరూ వెళ్లడానికి ఇష్టపడని మూలలు ఆ పటంలో గుర్తించి, పక్కనే బాధ్యత వహించవలసిన శాఖ పేరు రాయాలి.

స్టేషన్ రికార్డుల్లో ‘మార్కెట్ వద్ద’ అని మాత్రమే నమోదయ్యే ఫిర్యాదులు ఈ పటానికి ఉపకరించవు. ఏ వరుసలో, ఏ దుకాణం ఎదుట, ఏ వేళ, సంచి ఎక్కడ పెట్టినప్పుడు పోయిందన్న నాలుగు వివరాలు చేర్చితే చాలు. పనులు పూర్తయిన తర్వాత ఫలితాన్ని అంచనా వేసేటప్పుడు శ్రావణ మాసాన్ని గత సంవత్సరపు శ్రావణ మాసంతో, సంక్రాంతి వారాన్ని గత సంక్రాంతి వారంతో పోల్చాలి. పండుగ నెలను ఆషాఢంతో పోల్చితే ఏ మార్పూ పనిచేయనట్లే కనిపిస్తుంది. పక్క వీధిలోని ఫిర్యాదులను కూడా అదే పట్టికలో చేర్చితే, దొంగతనాలు తగ్గాయా లేక చోటు మార్చాయా అన్నది తెలుస్తుంది.